ఇఫ్తారుకు పిలిచిన స్టేషన్‌కు ఫిర్యాదుతో వెళ్ళగలమా?

‘పోలీస్ కీ న దోస్తీ అచ్ఛీ, న దుష్మనీ.’ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పుట్టి పెరిగిన వారికి ఈ మాట కొత్త కాదు. పోలీసుతో స్నేహమూ మంచిది కాదు, వైరమూ మంచిది కాదని దాని భావం. మా చిన్నతనంలో కోహీరు గల్లీలో ఖాకీ దుస్తులు కనిపిస్తే చాలు, తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచి గొళ్ళెం పెట్టుకునేవారు. ఏ తప్పూ చేయని ఇళ్ళ తలుపులే అందరికంటే ముందు మూతపడేవి. తప్పు చేసినవాడు మాత్రం చౌరస్తాలో నిలబడి జమాదారుతో కలిసి చాయ్ తాగేవాడు.

ఇప్పుడు అదే శాఖ ‘ఫ్రెండ్లీ పోలీసింగ్’ అంటున్నది. రంజాన్ మాసంలో ఇఫ్తారు విందులు ఇస్తున్నది, శాంతి కమిటీలకు పెద్దల్ని పిలుస్తున్నది, కళాశాలలకు వెళ్ళి ఆడపిల్లలకు ధైర్యం చెబుతున్నది. ఖర్జూరపు పళ్ళెం ముందు అధికారులూ మౌల్వీలూ పక్కపక్కన కూర్చున్న ఫోటోలు పత్రికల్లో ఏటా చూస్తూనే ఉన్నాము. మేమూ అట్టి ఫోటోల్లో ఒకటి రెండింటిలో ఉన్నాము, కాదనము. అయితే ఆ విందు తిని బయటికి వస్తూ మాకు ప్రతిసారీ కలిగే సందేహం ఒక్కటే. రేపు మన ఇంటి ఆడపిల్లకు ఆపద వస్తే, మన కుర్రవాడు ఏజెంటు చేతిలో మోసపోతే, ఇదే గుమ్మం ఎక్కి ఫిర్యాదు కాగితం ఇవ్వగలమా? ఇస్తే తీసుకుంటారా?

హైదరాబాదు నగర పోలీసుల సంగతి కోహీరు వాళ్ళకెందుకు అని కొందరు అడగవచ్చు. మన జామపండ్లు బుట్టల్లో నగరానికి వెళతాయి, నగరపు పద్ధతులు అదే దారిన మన దగ్గరికి వస్తాయి. ఇవాళ కోహీరులో, జహీరాబాదులో నగరంతో సంబంధం లేని ముస్లిం ఇల్లు అరుదు. ఒకరి కొడుకు అక్కడ మెకానిక్, మరొకరి అల్లుడికి అక్కడ దుకాణం, ఇంకొకరి బిడ్డ అక్కడి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది. పైగా నగరంలో మొదలైన షీ టీమ్‌లు, భరోసా కేంద్రాలు ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లాకూ వచ్చాయి. కనుక మూలం ఎట్లా ఉన్నదో తెలుసుకోవడం అవసరమే.

ఈ శాఖకూ మనకూ ఉన్న బంధం పాతది. నగర పోలీసు కమిషనరును నిజాము కాలంలో కొత్వాల్ అనేవారు. ఎస్సైని అమీన్ అనేవారు, జిల్లా పోలీసు అధికారిని మొహతమిమ్ అనేవారు. మా తాతగారి తరం వాళ్ళు చివరిదాకా ‘అమీన్ సాబ్’ అనే పిలిచారు. నగరానికి వర్తించే పోలీసు చట్టం పేరులోనే 1348 ఫస్లీ అని మన పాత సంవత్సరం ఉన్నది. ఆ మాటకొస్తే ఫిర్యాదు, జామీను, హాజరు, గస్తీ, చౌకీ, పంచనామా, ముచ్చలిక వంటి మాటలన్నీ తెలుగులో కలిసిపోయాయి. తెలుగువాడు స్టేషన్‌లో అడుగుపెట్టగానే తనకు తెలియకుండానే సగం ఉర్దూ, ఫార్సీ మాట్లాడతాడు. ఉర్దూ ఇంటి భాష అయిన మనం మాత్రం అదే గుమ్మం దగ్గర నోరు పెగలక నిలబడిపోతాము. ఇది మమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్న వింత.

నగరానికి 1920 నుండి 1934 దాకా కొత్వాలుగా పనిచేసినవారు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు. ముస్లిం పాలకుడి రాజధానిలో ఒక హిందువు కొత్వాలు కావడం అప్పటికి కొత్త. ప్రజల పక్షాన విద్యాలయాలకూ, వసతి గృహాలకూ పాటుపడిన మనిషిగా ఆయన పేరు నిలిచింది. రెడ్డి హాస్టలు ఆయన చలవే. ఆయనను తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది, పోలీసు అధికారి మన మతం వాడా కాదా అన్నది రెండో ప్రశ్న. మన తలుపు తట్టినప్పుడు ఏ ముఖంతో తడుతున్నాడన్నది మొదటి ప్రశ్న.

ఇక నేటి సేవల విషయానికి వద్దాము. మంచి ఉన్నచోట మంచి అని చెప్పకపోతే అన్యాయం చేసినవాళ్ళమవుతాము.

2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీమ్‌లు మొదలయ్యాయి. బస్టాపుల్లో, కళాశాలల ముందు, బజార్లలో మఫ్టీ దుస్తుల్లో తిరిగే చిన్న బృందాలివి. ఆడపిల్లను వెంబడించేవాణ్ణి, మాటలతో వేధించేవాణ్ణి అక్కడికక్కడే వీడియో తీసి పట్టుకుంటారు. నేరం తీవ్రమైతే కేసు పెడతారు, చిన్నదైతే తల్లిదండ్రుల్ని పిలిపించి వారి ఎదుటే బుద్ధి చెబుతారు. ఈ చివరి సంగతే మాకు అన్నిటికంటే నచ్చింది. ఇంతకాలం మన సమాజంలో వేధింపు జరిగితే తలవంచుకున్నది ఆడపిల్ల తండ్రి. ఇప్పుడు తలవంచుకుని కుర్చీలో కూర్చోవలసి వచ్చేది మగపిల్లవాడి తండ్రి. సిగ్గు ఎవరిదో వారికి చేరింది.

2016లో నగరంలో భరోసా కేంద్రం వచ్చింది. అత్యాచారానికీ గృహహింసకూ గురైన స్త్రీలూ పిల్లలూ స్టేషన్‌కు, ఆసుపత్రికి, వకీలు దగ్గరికి, కోర్టుకు అని నాలుగు గుమ్మాలు ఎక్కే అవసరం లేకుండా వైద్యం, న్యాయసలహా, ఓదార్పు, వాంగ్మూలం ఒక్క కప్పు కిందికి తెచ్చారు. 2018లో అక్కడే పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పగలిగే కోర్టు కూడా ఏర్పాటైంది. పసిపిల్ల తనపై అఘాయిత్యం చేసినవాడి ముఖం చూస్తూ నిండు కోర్టులో మాట్లాడవలసిన పని లేదు. సంగారెడ్డిలోని భరోసా కేంద్రం ఈ నమూనాలో వచ్చినదే.

పాస్‌పోర్టు విషయం కూడా చెప్పాలి. గల్ఫుకు వెళ్ళే కుర్రవాళ్ళకూ, హజ్‌కు వెళ్ళే పెద్దలకూ పోలీసు విచారణ ఒక గండంగా ఉండేది. విచారణకు వచ్చినవాడి చేతిలో ‘చాయ్ పానీ’ పెట్టకపోతే కాగితం కదిలేది కాదు. ఇప్పుడు ఆ విచారణ ట్యాబులో, ఇంటి దగ్గరే, కొద్ది రోజుల్లో అయిపోతున్నది. ఈ వేగానికి తెలంగాణ పోలీసు శాఖను కేంద్ర విదేశాంగ శాఖ పలుమార్లు మెచ్చుకున్నది కూడా.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. షీ టీమ్‌లు రాకముందు, ఇప్పటికి పదిహేనేళ్ళు దాటింది, మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటర్మీడియట్ చదవడానికి రోజూ బస్సులో వెళ్ళివచ్చేది. తండ్రి లేడు, తల్లి కుట్టుపని చేసి చదివిస్తున్నది. ఒక కుర్రవాడు బస్సు దిగిన దగ్గరనుండి ఇంటి మలుపు దాకా వెంటపడేవాడు. ఒక సాయంత్రం పుస్తకాలు లాక్కున్నాడు. ఆ తల్లి బురఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా దగ్గరికి వచ్చి, ‘ఉస్తాద్ సాబ్, ఏం చేయమంటారు, ఠాణాకు పోనా?’ అని అడిగింది. మేము ఏమన్నామో మాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘ఠాణాకు పోతే పిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది. కొన్నాళ్ళు చదువు ఆపించు’ అన్నాము. కొన్నాళ్ళు కాదు, ఆ అమ్మాయి చదువు అక్కడితోనే ఆగింది. ఆ కుర్రవాడు డిగ్రీ పూర్తిచేశాడు.

ఇజ్జత్ పేరుతో మేము ఇచ్చిన ఆ సలహా ఎవరి ఇజ్జత్ కాపాడింది? పోలీసుల్ని తప్పుపట్టడానికి మాకు హక్కు ఉన్నదో లేదో గానీ, ముందు ఈ సంగతి చెప్పకుండా వారిని తప్పుపట్టడానికి మాకు మనసొప్పలేదు. ఇవాళ ఆ తల్లి వచ్చి అదే మాట అడిగితే మేమే వెంట వెళతాము. మైనరు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఏమంటుందో మన ఇళ్ళలో చాలామందికి తెలియదు. పిల్ల వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండరాదు. పిల్లను రాత్రివేళ స్టేషన్‌లో ఉంచరాదు. ఆమె పేరు, ఊరు, ఇల్లు గుర్తుపట్టేలా పత్రికలు రాయరాదు. పేరు నలుగురి నోళ్ళలో పడుతుందన్న భయానికి చట్టంలోనే జవాబు ఉన్నదని మాకు అప్పుడు తెలియదు. ఆ సంవత్సరంలో ఈ చట్టమూ లేదు, అది వేరే మాట. స్టేషన్ గడప తొక్కి అడిగే ధైర్యం కూడా మాకు లేకపోయింది.

పాతబస్తీలో పోలీసులు చేసిన కొన్ని పనులు నిజానికి మహల్లా పెద్దలు చేయవలసినవి. 2015 జనవరిలో అక్కడి గాజుల కార్ఖానాల నుండి రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహారు నుండి తెచ్చిన పసివాళ్ళు, చాలామంది మన బిడ్డలే. గాలీ వెలుతురూ లేని గదుల్లో పొద్దంతా లక్క వేడి దగ్గర కూర్చుని గాజులు చేసేవారు. లాడ్ బజారులో ఆ గాజులు కొన్న చేతులు మనవి. ఆ గల్లీల్లో మస్జిదులు ఉన్నాయి, మస్జిదుల్లో ఐదు పూటలా మనుషులు ఉన్నారు. పక్కింటి పైగదిలో పిల్లలున్నారని ఎవరికీ తెలియలేదంటే నమ్మడం కష్టం.

ఇంకొకటి దీనికన్నా చేదు. 1991లో హైదరాబాదు నుండి బయలుదేరిన విమానంలో ఒక పసిపిల్ల ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ గమనించింది. అరవయ్యేళ్ళ అరబ్బు ఆమెను నికాహ్ చేసుకుని తీసుకుపోతున్నాడని తేలింది. దేశమంతా గగ్గోలెత్తింది, మనమూ సభలు పెట్టుకున్నాము. ఇరవై ఆరేళ్ళ తరువాత, 2017 సెప్టెంబరులో, నగర పోలీసులు అదే వ్యాపారం చేస్తున్న ముఠాను పట్టుకున్నారు. అరెస్టయిన 20 మందిలో ఒమన్, ఖతర్ దేశాల వాళ్ళు 8 మంది, దళారులు, లాడ్జీల వాళ్ళు, వారితోపాటు ముగ్గురు ఖాజీలు ఉన్నారు. ఆ ఖాజీలు కూడా మేము చదివిన కితాబులే చదివి ఉంటారు గదా అనుకున్నప్పుడు మా తల ఎత్తబుద్ధి కాలేదు. నికాహ్‌లో వధువు సమ్మతి ఎందుకు అడుగుతారో వారికి ఎవరూ చెప్పలేదా? చెప్పే పని మనది, పట్టుకునే పని పోలీసులది. మన పని మనం చేయనప్పుడు వాళ్ళ పని పెరిగింది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక మింగుడుపడనివి.

2015లోనే దక్షిణ మండలం పోలీసులు ‘మిషన్ చబుత్రా’ అని ఒకటి మొదలుపెట్టారు. అర్ధరాత్రి దాటాక గల్లీ అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్ళను వ్యానులో ఎక్కించి స్టేషన్‌కు తీసుకుపోయి, తెల్లవారాక తల్లిదండ్రుల్ని పిలిపించి, బుద్ధి చెప్పి పంపేవారు. పాతబస్తీలో చాలామంది తల్లులు దీన్ని మెచ్చుకున్నారు, మాకు తెలుసు. పదిగంటలకు ఇంటికి రావలసిన కొడుకు రెండింటికి వస్తుంటే ఆ తల్లి బాధ చిన్నది కాదు. మోటారు సైకిళ్ళ పందాలు, గుట్కా, ఇప్పుడైతే అంతకన్నా ప్రమాదకరమైన మత్తు, అన్నీ ఆ అరుగు దగ్గరే మొదలవుతాయి. ఇదంతా ఒప్పుకుంటూనే ఒక మాట అంటాము. తన గల్లీలో తన అరుగు మీద కూర్చోవడం నేరం కాదు. ఇల్లు ఇరుకు, కరెంటు లేదు, ఎనిమిది మందికి ఒకటే గది అయిన చోట అరుగే ఆ కుర్రవాడి హాలు. బంజారాహిల్స్‌లో రెండింటిదాకా హోటల్లో కూర్చున్న కుర్రవాడికి రాని వ్యాను, పాతబస్తీ అరుగు దగ్గరికే ఎందుకు వస్తుంది? కొడుకును పన్నెండింటికి ఇంట్లోకి పిలిచే బాధ్యత తండ్రిది. ఆ బాధ్యతను వ్యానుకు అప్పగించిన తండ్రులూ మాకు జవాబు చెప్పాలి.

మరొకటి ‘కార్డన్ సర్చ్’. తెల్లవారుజామున వందలమంది పోలీసులు ఒక బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తట్టి, కాగితాలు లేని బండ్లను పట్టుకుపోవడం. కొన్నిచోట్ల దీనికి ‘కమ్యూనిటీ కాంటాక్ట్’ కార్యక్రమం అని పేరు పెట్టారు. పేరు చదివి మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. కాంటాక్ట్ అంటే కలుసుకోవడం. నిద్రలో ఉన్న ఆడవాళ్ళ గుమ్మం ముందు టార్చిలైటు వేయడాన్ని కలుసుకోవడమని మా ఊళ్ళో ఎవరూ అనరు. గాజుల కార్ఖానా పిల్లలు దొరికినది ఇట్టి సోదాలోనే అని మాకు తెలుసు, కనుక సోదాలన్నీ వ్యర్థమని అనడం లేదు. సోదాను సోదా అనండి, దానికి చట్టం చెప్పిన పద్ధతి పాటించండి. పరిచయానికి వచ్చేటప్పుడు మాత్రం పగలు రండి, తక్కువమంది రండి.

హజ్రత్ ఉమర్ (రజి) రాత్రివేళ మదీనా వీధుల్లో గస్తీ తిరిగేవారన్న సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఒక రాత్రి ఆ గస్తీలో ఆయనకు కనిపించింది దొంగ కాదు, ఆకలితో ఏడుస్తున్న పిల్లలు, వాళ్ళను మభ్యపెట్టడానికి పొయ్యి మీద ఉత్త నీళ్ళ కుండ పెట్టిన తల్లి. ఆయన పిండి మూటను స్వయంగా వీపున మోసుకొచ్చారు. గస్తీ తిరిగేవాడి కంటికి ఆకలి కూడా కనిపించాలన్నదే మా కోరిక. కాగితాలు లేని మోటారు సైకిలు ఒక్కటే కనిపిస్తే ఎట్లా?

మన గుండెల్లో పాత గాయాలూ ఉన్నాయి. 2007 మే 18న, జుమా నాడు, మక్కా మస్జిదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారు పేలుడులో కొందరు చనిపోతే, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. పైపెచ్చు ఎందరో ముస్లిం యువకుల్ని అనుమానంతో పట్టుకుపోయారు. నెలల తరబడి జైల్లో ఉండి వాళ్ళు నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2011లో ప్రభుత్వం వారికి నష్టపరిహారమూ, మంచి నడవడి పత్రమూ ఇవ్వడానికి నిర్ణయించింది. ఆ పరిహారపు ఉత్తర్వును తరువాత హైకోర్టు కొట్టివేసింది. పోయిన ఏళ్ళు మాత్రం ఏ ఉత్తర్వుతోనూ తిరిగి రావు.

మరీ దగ్గర సంగతి 2023 నాటిది, మన పాత మెదక్ జిల్లాలోదే. మెదక్ పట్టణంలో గొలుసు దొంగతనం కేసులో ఒక కూలీ మనిషిని సీసీ కెమెరాలో కనిపించినవాడిలా ఉన్నాడని పట్టుకున్నారు. పోలీసు దెబ్బలకు ఆసుపత్రి పాలయ్యాడని కుటుంబం మొత్తుకున్నది. ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. సంబంధిత పోలీసుల్ని సస్పెండు చేశారు, హైకోర్టు తనంతట తాను విచారణకు తీసుకున్నది. ఈ ఒక్క వార్త మన ఇళ్ళలో నూరు ఇఫ్తారు విందుల పనిని తుడిచిపెట్టింది. ఇది శాఖవారు గ్రహించాలి.

ఈ కెమెరాల సంగతీ ఒకటి ఉన్నది. ‘నేను సైతం’ అనే పేరుతో నగర పోలీసులు కాలనీలనూ దుకాణాలనూ ప్రార్థనాలయాలనూ కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించారు. దొంగతనాలు పట్టడానికి అవి పనికివచ్చాయి, మన మస్జిదుల ముందు చెప్పులు పోవడం కూడా తగ్గింది, నవ్వకండి. కానీ ముఖం పోలికతో మనిషిని గుర్తుపట్టే యంత్రం వేరు. 2021లో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను మాస్కు తీయించి పోలీసులు ఫోటో తీశారు. ఏ చట్టం కింద తీశారని ఆయన హైకోర్టుకు వెళ్ళారు, 2022లో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. గడ్డం, టోపీ ఉన్న పది ముఖాలు దూరం నుండి ఒక్కలాగే కనిపిస్తాయి. మెదక్ కూలీకి ప్రాణం మీదికి వచ్చింది పోలికతోనే గదా.

అయితే ఇవన్నీ తలుచుకుని ఠాణా గడపే తొక్కమని కూర్చుంటే నష్టం ఎవరికి? మొన్న నగరంలో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు ఫోను చేసి ఏడ్చాడు. బ్యాంకు నుండి అని ఎవరో మాట్లాడి, ఒక లింకు పంపి, చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బు ఊడ్చేశారు. వాడు దగ్గరున్న ఒక స్టేషన్‌కు వెళితే ‘మా పరిధి కాదు’ అని మరో చోటికి పంపారు, అక్కడ రేపు రమ్మన్నారు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు మారిందో. 1930 అనే నంబరుకు వెంటనే ఫోను చేస్తే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుందని వాడికి తెలియదు. బి.కాం. చదివినవాడికి తెలియకపోతే మన దర్జీకి, మన మేస్త్రీకి ఏం తెలుస్తుంది? ఇట్టి మోసంలో రోజులు కాదు, గంటలు లెక్క.

‘మా పరిధి కాదు’ అన్న మాట చట్టానికి విరుద్ధం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఈ విషయం స్పష్టంగానే చెప్పింది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. నమోదు చేసిన ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి, అడుక్కోవలసిన పని లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. సాక్షిగా విచారించడానికి స్త్రీలనూ, పదిహేనేళ్ళ లోపు పిల్లల్నీ, అరవై దాటిన పెద్దల్నీ స్టేషన్‌కు పిలిపించరాదు, వారి ఇంటికే వెళ్ళి అడగాలి. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగం మాట. ఈ నాలుగు సంగతులు తెలిసిన మనిషి కౌంటరు ముందు నిలబడే తీరే వేరుగా ఉంటుంది.

కౌంటరుకు అవతలి వైపు సంగతి కూడా ఆలోచించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణలో మనం నూటికి 12.7 మందిమి. స్టేషన్‌లో కూర్చున్న కానిస్టేబుళ్ళలో మన పిల్లలు ఎంతమంది కనిపిస్తున్నారు? ఎవరినో తిట్టే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాము. బి.సి.-ఇ వర్గం కింద 4 శాతం రిజర్వేషను 2007 నుండి ఉన్నది. నగర పోలీసులు పాతబస్తీ యువతకు కానిస్టేబులు పరీక్షకూ, పరుగు పందానికీ ఉచిత శిక్షణ శిబిరాలు పెట్టారు. మన కుర్రవాడు దుబాయిలో వాచ్‌మన్‌గా రాత్రంతా నిలబడడానికి లక్ష రూపాయలు అప్పుచేసి ఏజెంటుకు ఇస్తాడు. ఇక్కడ జీతం, పింఛను, గౌరవం ఉన్న ఖాకీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమంటే, ‘మనకెక్కడ ఇస్తారు సాబ్’ అంటాడు. అడగనివాడికి ఎవరిస్తారు? మా బడి నుండి ఇద్దరు అడిగారు, ఒకడికి వచ్చింది. వాడు సెలవుకు వచ్చినప్పుడు అదే గల్లీలో నడుస్తుంటే ఇప్పుడు ఎవరూ గొళ్ళెం పెట్టుకోవడం లేదు.

ఇక మన కోహీరు సంగతి. దర్గా ఉర్సు వచ్చినా, గణేశ్ నిమజ్జనం వచ్చినా, మొహర్రం వచ్చినా శాంతి కమిటీ సమావేశం పెడతారు. హిందూ పెద్దలూ మన పెద్దలూ వెళ్ళి కూర్చుంటాము. పండుగలు కలిసొచ్చిన ఏడాది ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు పోవాలో మాట్లాడుకుంటాము. ఇన్నేళ్ళుగా ఊళ్ళో పెద్ద గొడవ లేకపోవడానికి ఆ గదిలో తాగిన చాయ్ కూడా ఒక కారణమే. కానీ ఆ కమిటీ పండుగకు పది రోజుల ముందు పుట్టి, పండుగ మరునాడు చచ్చిపోతుంది. మధ్యలో పదకొండు నెలలు ఊళ్ళో ఆడపిల్లలు బస్సులెక్కుతూనే ఉంటారు, ఏజెంట్లు తిరుగుతూనే ఉంటారు, ఫోన్లలో దొంగలు మాట్లాడుతూనే ఉంటారు. వాటికి శాంతి కమిటీ అక్కరలేదా?

ఇంకొక సంగతి, మేము కూర్చున్న ప్రతి సమావేశంలోనూ మగవాళ్ళమే. అటూ మగవాళ్ళు, ఇటూ మగవాళ్ళు. షీ టీమ్ గురించి గెడ్డాలు నెరిసిన మేము పదిహేను మందిమి కూర్చుని చర్చించాము, ఒక్క ఆడమనిషి లేదు.

కిందటి సమావేశంలో మేము మూడు కోరికలు కాగితం మీద రాసి ఇచ్చాము, ఉర్దూలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి. స్టేషన్‌లో ఫిర్యాదు రాయలేనివారికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మనిషి వారానికి ఒకరోజైనా కూర్చోవాలి, ఆ పనికి మా బడి ఉపాధ్యాయులు జీతం లేకుండా వస్తారు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితమని రెండు భాషల్లో గోడకు రాయించాలి. నెలకోసారి షీ టీమ్ వాళ్ళు బాలికల పాఠశాలకు రావాలి, మగ పెద్దలం లేకుండా పిల్లలతో మాట్లాడాలి. యువకుడైన ఎస్సై గారు కాగితం రెండు ప్రతులూ తీసుకున్నారు. తెలుగు ప్రతి చదివారు. ఉర్దూ ప్రతిని తిప్పి చూసి, ‘ఇది నాకు చదివి వినిపించండి, ఎట్లా ఉంటుందో వింటాను’ అన్నారు. మేము చదివాము. ఆయన మధ్యలో ఆపి, ఫిర్యాదు అన్న మాట మీదా అని అడిగారు.

జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల సమావేశానికి కమిటీలో చేర్చమని ఒక పేరు రాసుకుని వెళుతున్నాము. చదువు ఆగిపోయిన ఆ అమ్మాయి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లల తల్లి, కోహీరులోనే ఉంటున్నది. పేరు రాయవచ్చా అని కబురు పంపితే, తానే వచ్చి మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, ‘ఉస్తాద్ సాబ్, ఈసారి నేనొస్తా’ అన్నది.